యాసిడ్‌తో కత్తి మీద నగిషీ: మచ్చలు ఎందుకు వస్తాయి, గీత ఎలా నిలుస్తుంది

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. కమాన్ పట్టీతో (బండ్ల కింద బరువు మోసే స్ప్రింగు పట్టీతో) చేసిన వంటింటి కత్తి మీద ఓరుగల్లు కోట తోరణం బొమ్మను బాత్‌రూము యాసిడ్‌తో దింపబోతే ఉపరితలం మచ్చలు మచ్చలుగా వచ్చింది. బొమ్మ అంచులు చెదిరిపోయాయి. అదే కత్తిని ఇంకాసేపు యాసిడ్‌లో ఉంచితే డమాస్కస్ కత్తుల మీద కనిపించే అలల గీతలు వస్తాయా అని కూడా అడిగారు. చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ సులువుగా అర్థమవుతాయి.

రావు. ఎంతసేపు ఉంచినా రావు. యాసిడ్ కత్తికి కొత్తగా ఏమీ ఇవ్వదు. ఉక్కులో ముందే ఉన్న తేడాలను బయటపెడుతుంది, లేదా మీరు కప్పిన చోటును వదిలేసి కప్పని చోటును తింటుంది. దానికి తెలిసిన పనులు ఈ రెండే. కమాన్ పట్టీ మొత్తం ఒకే ఉక్కు. లోపల పొరలు లేవు కాబట్టి పైకి తేలడానికి గీతలూ లేవు. పని శుభ్రంగా చేస్తే అది ఒకే రకం బూడిద రంగులోకి మారుతుంది, అంతే.

ఉక్కులోని తేడాయే అందంగా మారడానికి మన ప్రాంతంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (ఉక్కు కరిగించే మట్టి పాత్రల్లో) తయారైన ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. బ్రిటిష్ వారి భూ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయిసీ అక్కడి తయారీని స్వయంగా చూసి రాసిన వివరణ, ఆయన మరణం తర్వాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఊట్జ్‌గా ప్రపంచానికి తెలిసిన ఈ రకం ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. దాన్ని మూసలో మెల్లగా చల్లార్చి, తక్కువ వేడి మీద మళ్ళీ మళ్ళీ సాగగొడితే గట్టి కార్బైడు (ఇనుము, కర్బనం కలిసిన) రేణువులు వరుసలు కడతాయి. వెనేడియం వంటి మూలకాలు అతి స్వల్పంగా కలిసి ఉండడమే ఆ వరుసలకు కారణమని జాన్ వెర్‌హోవెన్ అనే లోహ శాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి అమెరికాలో చేసిన పరిశోధన చూపింది. అలాంటి కత్తిని నునుపు చేసి ఇనుము సల్ఫేటు ద్రావణం పూస్తే రేణువుల వరుసలు తెల్లగా, మిగతా భాగం నల్లగా విడిపోతాయి. మన పచారీ కొట్లలో అన్నభేది పేరుతో దొరికేది ఆ లవణమే. కోనసముద్రం ఉక్కు గొప్పతనం ముద్ద మూసలో గడ్డకట్టి, సుత్తి కింద సాగినప్పుడే తయారైపోయింది. అన్నభేది చేసింది దాన్ని కంటికి చూపడం మాత్రమే.

కాబట్టి అలల గీతలు కావాలంటే వాటిని కొలిమి దగ్గరే సిద్ధం చేసుకోవాలి. ఇప్పుడు కత్తులు చేసేవారు ఎక్కువగా 1095 లేదా 1084 రకం కర్బన ఉక్కును, సుమారు రెండు శాతం నికెల్ ఉన్న 15ఎన్20 ఉక్కును పొరలుగా పేర్చి, కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టి అతుకుతారు. నికెల్ ఉన్న పొర యాసిడ్‌కు లొంగక మెరుస్తూ ఉంటుంది, రెండోది నల్లబడుతుంది. రెండు కమాన్ పట్టీలను అతికితే ఈ తేడా రాదు. ములుగు, మంచిర్యాల వైపు కోత మిల్లుల్లో విరిగి పక్కన పడేసే వెడల్పాటి బ్యాండ్ రంపం ముక్కల్లో నికెల్ ఉన్నవి దొరకవచ్చు. అన్నింటిలోనూ ఉండదు కనుక, ఒక చిన్న ముక్కను కమాన్ పట్టీ ముక్కతో పాటు కింద చెప్పే ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఐదు నిమిషాలు ఉంచి చూడండి. పక్కది నల్లబడినా ఇది మెరుస్తూ ఉంటే పనికొస్తుంది.

గోదావరిఖని, భూపాలపల్లి వైపు మీకు తెలిసినవారుంటే గనుల్లో వాడి తీసేసిన ఉక్కు తాళ్ళ ముక్కలు పాత ఇనుము కొట్లలో ఉన్నాయేమో అడగండి. తాడులోని తీగలన్నీ దాదాపు ఒకే ఉక్కే అయినా, అతికేటప్పుడు ప్రతి తీగ చుట్టూ కర్బనం కాస్త తగ్గుతుంది. యాసిడ్‌లో ఆ సరిహద్దులే తేలి పాము చర్మంలాంటి నమూనా వస్తుంది. మధ్యలో నూనె పీల్చిన నార ఉంటే ముందుగా లాగేయాలి. జింకు పూత ఉన్న తాడును మాత్రం కొలిమి దరిదాపులకు రానివ్వకండి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇప్పుడు మీ మచ్చల సంగతి. బాత్‌రూము యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాన్ని పక్కన పెట్టేయండి. అది ఉక్కును కొరుకుతుంది కానీ సమంగా కొరకదు. పైగా దాని ఆవిరి గదిలో ఉన్న ప్రతి ఆకురాయికీ సుత్తికీ రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. అది ఉన్న చోట బ్లీచింగ్ పౌడరు కలిస్తే వెలువడే క్లోరిన్ ప్రాణాంతకం. ఈ పనికి కావలసింది ఫెర్రిక్ క్లోరైడు. సర్క్యూట్ బోర్డుల మీద రాగిని తొలగించడానికి వాడేది అదే. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడిగితే దొరుకుతుంది.

నల్లటి పొడి రూపంలో దొరికితే లీటరు నీటికి 100 నుంచి 120 గ్రాములు చాలు. పసుపు, గోధుమ రంగుల్లో చెమ్మగా ఉండే గడ్డలైతే వాటిలో నీరు ముందే కలిసి ఉంటుంది కనుక 180 గ్రాముల దాకా పడుతుంది. సీసాలో గాఢ ద్రావణంగా వస్తే ఒక పాలుకు నాలుగు పాళ్ళ నీళ్ళు. ఎప్పుడైనా నీళ్ళలోకే పొడిని కొంచెం కొంచెంగా వేయాలి. పొడి మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది, ఘాటైన ఆవిరి లేస్తుంది. పాత్ర ప్లాస్టిక్‌దో గాజుదో అయి ఉండాలి. కళ్ళద్దాలు, రబ్బరు చేతి తొడుగులు లేకుండా మూత తీయకండి. నీళ్ళు బోరువి వద్దు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. కొనేటప్పుడు బ్యాటరీ యాసిడ్ డబ్బా కాదని చూసుకోండి.

ఒక జాగ్రత్త. ఎవరైనా బోర్డులకు వాడేసిన ద్రావణం ఉచితంగా ఇస్తామంటే తీసుకోకండి. దానిలో కరిగిన రాగి మీ కత్తి మీదికి చేరి ఎర్రటి పూతగా అంటుకుంటుంది.

చాలామంది ద్రావణం చిక్కగా ఉంటే పని బాగా అవుతుందనుకుంటారు. పలుచటి ద్రావణం మెల్లగా, సమంగా పనిచేస్తుంది, గీతలు శుభ్రంగా తేలతాయి. మన మే నెల ఎండల్లో ద్రావణం దానంతట అదే వేడెక్కి మామూలు కంటే చాలా వేగంగా కొరుకుతుంది. అప్పుడు తెల్లవారుజామున పని పెట్టుకోండి, లేదా సమయం సగానికి తగ్గించండి.

మచ్చలకు కారణాలు నాలుగైదు ఉంటాయి. అన్నిటికంటే సాధారణమైనది చేతి జిడ్డు. థిన్నరుతో గానీ అసిటోన్‌తో గానీ తుడిచాక కత్తి మీద నీళ్ళు పోసి చూడండి. నీరు ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్లు. ఎక్కడైనా చుక్కలుగా విడిపోయి జారితే అక్కడ జిడ్డు ఉంది, మళ్ళీ తుడవాలి. ఆ తర్వాత కత్తిని ఒట్టి చేత్తో తాకితే మీ వేలిముద్ర కూడా నగిషీలో భాగమైపోతుంది. కత్తిని ద్రావణం అడుగున పడుకోబెట్టడం రెండో కారణం. కింది పక్కకు ద్రావణం సరిగా అందదు. ప్లాస్టిక్ తాడుతో నిలువుగా వేలాడదీసి మధ్య మధ్యలో మెల్లగా కదపాలి. ఎమెరీ కాగితం 400 దగ్గరే ఆపేయడం మూడోది. కంటికి ఆనని గీతను కూడా యాసిడ్ పెద్దది చేస్తుంది. 400, 600, 800 వరుసలో, ప్రతిసారీ ముందటి గీతలు పూర్తిగా పోయేదాకా, చివరి సారి పిడి నుంచి మొన వైపు ఒకే దిశలో చేత్తో రుద్దండి. అద్దంలా మెరిసేలా బఫ్ చేస్తే మాత్రం పైపొర పులుముకుపోయి గీతలు మసకబారతాయి.

నేను ఎక్కువ పట్టించుకోమని చెప్పే కారణాలు రెండు. కొలిమిలో ఎక్కువసేపు ఎక్కువ వేడిలో ఉన్న ఉక్కు పైపొరలో కర్బనం మాడిపోతుంది. ఆ పొరను పూర్తిగా అరగదీయకపోతే, మిగిలిన చోట్ల లేత బూడిద రంగు మబ్బుల్లాంటి మరకలు తేలతాయి. మీరు పంపిన ఫొటోలో వెన్ను పొడవునా ఉన్నవి ఆ మరకల్లాగే ఉన్నాయి. ఇంకా అరగదీస్తే పోతాయి.

అంచు దగ్గర, మొన దగ్గర ఉన్న నల్లటి మరకలు వేరు. కత్తికి పానం పెట్టిన (ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచిన) తర్వాత గ్రైండరు మీద పెట్టినప్పుడు అక్కడ ఉక్కు వేడెక్కి మెత్తబడి ఉండాలి. మెత్తబడిన చోటు చుట్టుపక్కల కంటే ముదురుగా తేలుతుంది. సానబెట్టే ముందు ఆ చోట ఆకురాయితో ఒక్కసారి లాగి చూడండి. మిగతా చోట్ల జారిపోయే ఆకురాయి అక్కడ కొరికితే అంచు మెత్తబడినట్లే. అలాంటి కత్తి మీద నగిషీ చేయకండి. మళ్ళీ ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, పానం సరిచేయాలి. అందుకే నగిషీ చేసే ఉద్దేశం లేకపోయినా ప్రతి కత్తినీ పలుచటి ద్రావణంలో ఒక్క నిమిషం ముంచి చూడడం మంచి అలవాటు. కొన్నవారి వంటింట్లో బయటపడాల్సిన లోపం మీ చేతిలో ఉండగానే కనబడుతుంది.

ఇక తోరణం. బొమ్మ అంచులు ఎందుకు చెదిరాయో చెప్పాలంటే యాసిడ్ కొరికే తీరు చూడాలి. అది కిందికి ఎంత దిగుతుందో, మీరు వేసిన కప్పు (యాసిడ్ తగలకుండా వేసిన పొర) కిందుగా పక్కలకు కూడా దాదాపు అంతే పాకుతుంది. లోతు మిల్లీమీటరులో పదో వంతు అయితే, మీరు వదిలిన 0.3 మిల్లీమీటర్ల సన్నటి గీత రెండు పక్కలా తరిగి 0.1కి వస్తుంది. ఇంకాసేపు ఉంచితే అదీ పోతుంది. దీనికి తోడు కప్పు అంచు ఎక్కడైనా లేచి ఉంటే ఆ సందులో ద్రావణం చేరి బొమ్మను రంపపు పళ్ళలా చేస్తుంది. మీ ఫొటోలో రెండూ కనిపిస్తున్నాయి.

మీరు కోట తోరణం మొత్తాన్ని మూడు సెంటీమీటర్ల వెడల్పులో ఇరికించారు. నిలువు స్తంభాలు, అడ్డ దూలం, పైన హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు, వాటి మధ్య పూసల వరుసలు అన్నీ ఉన్నాయి. రాతిలో అంత పెద్దగా చెక్కిన పని ఇంత చిన్నగా చేస్తే పూసలు మొదట పోతాయి, తర్వాత హంసల మెడలు విరుగుతాయి. నా సలహా ఏమిటంటే, అందులోంచి ఒక్కటి ఎంచుకోండి. తామర మొగ్గల వరుసను వెన్ను పక్కగా పిడి నుంచి మొన దాకా వేలాడదీస్తే కత్తి ఆకారానికి చక్కగా కుదురుతుంది. మొన వైపు మొగ్గలు క్రమంగా చిన్నవి కావాలి. ఒక్కో మొగ్గకు మూడు రేకులు చాలు. హంసే కావాలంటే పిడి దగ్గర వెడల్పు ఎక్కువున్న చోట ఒక్కదాన్ని పెట్టి మెడను బొమ్మలో ఉండాల్సిన దానికంటే కాస్త లావుగా గీయండి. యాసిడ్ దాన్ని సన్నబరచి సరైన కొలతకు తెస్తుంది. వేయి స్తంభాల గుడికీ రామప్పకూ వెళ్ళి స్తంభాల మీది పట్టీలను ఫొటోలు తీసుకోండి. నల్లరాతి మీద కాకతీయుల శిల్పులు ఖాళీ జాగాను ఎంత పొదుపుగా, ఎంత ధైర్యంగా వదిలారో గమనించండి. కత్తి మీద కూడా ఆ ఖాళీయే బొమ్మను నిలబెడుతుంది.

కప్పు కోసం మీరు నెయిల్ పాలిష్‌ను కుంచెతో పూశారు. అది మంచిదే, కానీ దాన్ని వాడే తీరు మార్చాలి. బొమ్మ వేయదలచిన చోటంతా రెండు పూతలు పూసి పూర్తిగా ఆరాక, బొమ్మను సూదితో గీకి తీయండి. ఇలా గీకిన గీత గుంటగా దిగి పక్కలకు పాకుతుంది కనుక, దీన్ని మాత్రం సన్నగానే గీకండి. కుంచె గీతకు రాని పదును సూది గీతకు వస్తుంది. పదిహేనో శతాబ్దం చివర జర్మనీలో ఉక్కు కవచాల మీద యాసిడ్‌తో నగిషీ చేసినవారి పద్ధతుల్లో ఇదొకటి. ఆ పని చేసిన డేనియల్ హాప్ఫర్ లాంటివారి చేతుల మీదుగానే అది కాగితం మీద బొమ్మలు అచ్చువేసే కళగా మారింది.

మొగ్గల వరుసలాంటి పెద్ద నమూనాకు హనుమకొండలో బండ్ల నంబర్లకు రేడియం స్టిక్కర్లు కోసే కొట్టుకు వెళ్ళండి. మీ బొమ్మ కంప్యూటర్‌లో ఇస్తే వినైల్ షీటును కోసి ఇస్తారు. గీత ఒక మిల్లీమీటరుకు తగ్గకుండా ఉంటే శుభ్రంగా వస్తుంది. అతికించాక ప్రతి అంచునూ చెంచా వెనుక భాగంతో గట్టిగా నొక్కి, కత్తిని కొద్దిగా వెచ్చబెట్టి మళ్ళీ నొక్కండి. వెన్ను, పదునంచు, వెనుక వైపు, పిడిలోకి పోయే భాగం ఇవన్నీ కూడా కప్పాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

అంతకంటే సన్నటి పని కావాలంటే సర్క్యూట్ బోర్డులకు వాడే నీలిరంగు డ్రై ఫిల్ము ఉంది. దాన్ని వేడితో అతికించి, పైన బొమ్మ అచ్చు వేసిన పారదర్శక షీటు పెట్టి అతినీలలోహిత కాంతి చూపితే కాంతి తగిలిన భాగం గట్టిపడుతుంది. మిగతాది ఒక శాతం వాషింగ్ సోడా నీళ్ళలో కరిగిపోతుంది. ఓపిక ఉన్నవారికి దీన్ని మించినది లేదు.

కప్పు వేసిన కత్తిని పది నిమిషాలకోసారి తీసి, నీళ్ళలో ముంచి, మెత్తటి కుంచెతో నల్లటి మడ్డిని కదిపి మళ్ళీ వేలాడదీయండి. ఆ మడ్డి గుంటల్లో పేరుకుంటే కొరకడం ఆగిపోతుంది. లోతు చాలిందో లేదో కంటితో తేల్చకండి. కప్పని చోట ఒక మూల గోరు ఆడించండి. గోరు అంచుకు తగిలి ఆగిందంటే చాలు.

పేరో చిన్న ముద్రో వేయడానికి ఇంత ప్రయత్నం అక్కరలేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఉప్పునీళ్ళు, దూదిపుల్ల ఉంటే సరిపోతుంది. కత్తికి ధన ధ్రువం, ఉప్పునీళ్ళలో తడిపిన దూదికి రుణ ధ్రువం తగిలించి స్టెన్సిల్ మీద ఐదేసి సెకన్లు అద్దుతూ పోవాలి. గాలి ఆడే చోట చేయండి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద అయితే ఆ మురికిలో హానికరమైన క్రోమియం సమ్మేళనాలు ఉండవచ్చు కనుక చేతులకు తగలనివ్వకండి.

బయటికి తీసిన కత్తిని వెంటనే నీళ్ళలో కడిగి, వంట సోడా కలిపిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచండి. ఈ పని ఆలస్యమైతే మీ కళ్ళ ముందే నారింజ రంగు తుప్పు పుడుతుంది. బొమ్మ లోతుల్లో నలుపు నిలవాలంటే కరక్కాయ వాడి చూడండి. ఏటూరునాగారం అడవుల నుంచి వచ్చే కరక్కాయల పొట్టును మరిగించి, చల్లార్చి, వడగట్టి, కడిగిన కత్తిని అందులో కొన్ని గంటలు ఉంచితే టానిన్ ఇనుముతో కలిసి చిక్కటి నీలి నలుపు ఇస్తుంది. కలంకారీ అద్దకంలో నలుపు పుట్టేది ఈ చర్యతోనే. విదేశాల్లో ఇదే పనికి ఇన్‌స్టంట్ కాఫీ వాడతారు, అదీ పనిచేస్తుంది. తర్వాత ఉబ్బెత్తు భాగాల మీద మాత్రం 2000 ఎమెరీ కాగితాన్ని గట్టి చెక్కకు చుట్టి తేలిగ్గా రుద్దండి. మొగ్గలు తెల్లగా, వెనుక భాగం నల్లగా విడిపోతాయి.

రోజంతా వాడే కత్తికి నగిషీ అక్కరలేదనుకుంటే, మొత్తం నల్లబరిచాక గోదావరి ఒడ్డున దొరికే నున్నటి చిన్న గులకరాళ్ళు, కాస్త సబ్బునీళ్ళు ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి గంటసేపు దొర్లించండి. గీతలు పడినా కనిపించని మసక బూడిద రంగు వస్తుంది. రైతులకు, మాంసం కొట్లవారికి చేసే కత్తులకు నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇది.

వాడేసిన ద్రావణాన్ని మోరీలో పోయకండి, చెరువు వైపు అసలే తీసుకెళ్ళకండి. బకెట్టులో నీళ్ళు కలిపి పలుచన చేసి, నురగ ఆగేదాకా వాషింగ్ సోడా కొంచెం కొంచెంగా వేస్తే ఇనుము గోధుమ రంగు మడ్డిగా అడుగున చేరుతుంది. మడ్డిని గుడ్డలో వడగట్టి, ఆరబెట్టి, సంచిలో కట్టి ప్రమాదకర చెత్తగా ఇవ్వండి. మంచి ద్రావణాన్ని మాత్రం మూత బిగించి, పేరు రాసి, పిల్లలకు అందని చోట ఉంచితే చాలాసార్లు వాడుకోవచ్చు.

పదును పెట్టడం, పిడి బిగించడం నగిషీ పనంతా అయ్యాకే చేయాలి. ముందే పిడి బిగిస్తే కర్రకూ ఉక్కుకూ మధ్య సందులో ద్రావణం చేరి ఎంత సోడా పోసినా బయటికి రాదు. పైకి నిగనిగలాడుతున్న కత్తి లోపల రివెట్ల దగ్గర తుప్పు తింటూ ఉంటుంది. ఈ కత్తితో మామిడికాయ కోసినా, చింతపండు తగిలినా రంగు మారుతుంది. అది కర్బన ఉక్కు స్వభావం, లోతుగా దిగిన బొమ్మకు ఏమీ కాదు. కడిగి తుడిచి నాలుగు చుక్కల కొబ్బరినూనె రాయమని కొన్నవారికి చెప్పండి. ముందుగా మిగిలిన కమాన్ పట్టీ ముక్కకు ఇదే పానం పెట్టి, దాని మీద ఒకే ఒక్క మొగ్గతో ప్రయత్నించండి. ఆ ఫొటోతో పాటు పానం ఏ నూనెలో పెట్టారో, తర్వాత ఎంత వేడిలో ఎంతసేపు ఉంచారో రాస్తే అంచు దగ్గరి నల్లమరకల గురించి ఇంకా కచ్చితంగా చెప్పగలను.